నాలుగు తలుపుల డబ్బా

"మస్తు ఓపిక గల మనిషి. ఎవర్నీ ఒక్క మాట అనకపోయేది."

ఉప్పల్ చౌరస్తాలో చాయ్ కొట్టు ముందు నిలబడి, సాసరులో చాయ్ ఊదుకుంటూ కార్ల ఎలక్ట్రీషియన్ అన్న మాట ఇది. ఆమె పోయిందని అతనికి అప్పుడే ఎవరో చెప్పారు. నేను మేడిపల్లిలో ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లి, తిరిగివస్తూ అప్పుడే బస్సు దిగాను. ఆ మాట నా చెవిన పడింది. ఒళ్లు మండిపోయింది.

ఓపికట. ఆమెలో లేనిదే అది. పోయిన మనిషి గురించి మంచి చెప్పాలంటే ఆ మనిషిలో ఏం మంచి ఉందో కాస్త వెతకాలి కదా. చేతికందిన మెచ్చుకోలు ఏదో తీసి, కొలత చూడకుండా తొడిగేయడమేనా? ఆడమనిషి పోతే ఓపిక, మగమనిషి పోతే దానగుణం. వీళ్ల దగ్గర మూడో మాట ఉండదు. అందులోనూ ఈ మాట అన్నది ఎవరు? ఆమె ఓపికను అందరికంటే బాగా ఎరిగిన ఇతను.

ఆ సమయానికి నా సంచిలో ఆమె డబ్బా ఒకటి ఉంది. సబ్బుపెట్టె అంతే ఉంటుంది. ఆ డబ్బా సంగతి చెప్పాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి.

చిల్కానగర్‌లో మా ఇంటి ముందుగదిలో ఆమె అద్దెకు ఉండేది. నాచారంలో టీవీల లోపలి సర్క్యూట్ ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, ఆడవాళ్లు వరుసగా కూర్చుని టంకం పెట్టే లైనులో పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఆ గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని రిపేర్లు మొదలుపెట్టింది. స్టెబిలైజర్లు, రేడియోలు, బ్యాటరీ చార్జర్లు. బోర్డు పెట్టలేదు. "పని వస్తే మనుషులే ఎత్కుతరు" అనేది. గర్వం బాగా ఉండేది ఆమెకు. తన పని గురించి తానే చెప్పుకునేది, అదీ వీధి చివరికి వినపడేలా.

కోపం వచ్చినప్పుడు ఆమె మొదట చేసే పని టంకం పెట్టే కరెంటు కాడ ప్లగ్గు పీకడం. ఫ్యాక్టరీలో ఒకసారి సూపర్‌వైజరుతో పోట్లాడుతూ చెయ్యి కాల్చుకుందట. అప్పటినుంచి వేడి కాడ చేతిలో ఉండగా ఎవరినీ తిట్టకూడదని నియమం పెట్టుకుంది. తిట్టకూడదని కాదు సుమా, కాడ చేతిలో ఉండగా తిట్టకూడదని. వచ్చినవాళ్లకు ఇది తెలుసు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ప్లగ్గు వైపు చెయ్యి చాపిందంటే, "సరే అక్కా, రేపొస్త" అని లేచిపోయేవాళ్లు. ఆ కాడ చల్లారే లోపు ఆమె మాట ఆగేది కాదు.

ఆమెతో మాకూ గొడవలయ్యాయి. నాన్న రేడియో బాగుచేస్తానని తీసుకుని పూర్తిగా పాడుచేసింది. నాన్న అడిగితే, "గా రేడియోకు బతికే ఉద్దేశం లేదు సార్. దానికి నేనేం జేస్త" అంది. తప్పు ఒప్పుకోవడం ఆమెకు రాదు. నాన్న వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆమె గమనించనే లేదు.

నాకు మనుషుల్లో మాట్లాడటం చేతకాదు. కాలేజీ నుంచి వచ్చి, లైబ్రరీ పుస్తకం పట్టుకుని ముందుగది గడప మీద కూర్చునేదాన్ని. ఆమె ఒకరోజు తల ఎత్తకుండానే అంది.

"నీలో నువ్వే సదువుకుంటే నాకేం ఎరుకైతది? పైకి సదువు."

అలా మొదలైంది. నేను నవల చదివేదాన్ని, ఆమె టంకం పెట్టేది. నా గొంతు నాకే కొత్తగా ఉండేది. కథ నడుస్తుంటే ఆమె మధ్యలో ఆపేది.

"ఆగు. వాడు గంత మాటంటే ఆ పిల్ల ఏమన్నది?"

"ఏమీ అనలేదక్కా. కళ్లనీళ్లు పెట్టుకుంది."

"ఎందుకు? నోరు లేదా?"

"ఉంది. కానీ..."

"కానీ ఏంది. రాసినాయన ఆమెకు నోరు పెట్టుడు మర్సిపోయిండు. ఎనకకు పో, ఇంకోసారి సదువు. ఈసారన్న అంటదేమో సూద్దాం."

నిజంగానే నన్ను ఆ పేజీ మళ్లీ చదివించేది. రెండోసారి కూడా ఆ అమ్మాయి ఏమీ అనకపోయేసరికి ప్లగ్గు పీకేది. పుస్తకంలో మనిషి మీద కోపంతో టంకం కాడ ఆర్పేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కార్ల పని ఆమె దగ్గరకు తెచ్చింది ఈ ఎలక్ట్రీషియనే. అప్పట్లో పాత కార్లకు సెంట్రల్ లాకింగ్ పెట్టించుకోవడం కొత్త మోజు. డ్రైవర్ తలుపుకు తాళం తిప్పితే మిగతా మూడు తలుపుల తాళాలూ టక్కున పడిపోవాలి. కారుతో పాటు వచ్చిన ఏర్పాటు కాదది. ఒక్కో తలుపులో చిన్న మోటారు దించి, డ్యాష్‌బోర్డు కింద ఒక డబ్బా బిగించేవాళ్లు. ఆ డబ్బాలోని ప్లేటు నాలుగు తలుపులకూ ఆజ్ఞ ఇస్తుంది. డబ్బా చెడిపోతే ఒక తలుపుకు తాళం పడుతుంది, ఒకదానికి పడదు. చౌరస్తా ఎలక్ట్రీషియన్‌కు వైర్లు లాగడం వచ్చు, మోటారు బిగించడం వచ్చు. డబ్బా లోపలి పని రాదు. స్కూటర్ మీద మా వీధికి తెచ్చి ఇచ్చేవాడు.

ఆమె మూత తీసి ముందు వాసన చూసేది. ఆ తర్వాత అగ్గిపుల్లతో ఒక్కొక్క టంకాన్నీ తట్టుకుంటూ వెళ్లేది. ఒక చెక్కపలక మీద నాలుగు చిన్న బల్బులు బిగించి పెట్టుకుంది. అవే ఆమెకు కారు, అవే నాలుగు తలుపులు. డబ్బాను బ్యాటరీకి, పలకకు కలిపి స్విచ్ నొక్కితే లోపల రిలే అనే చిన్న స్విచ్చు టిక్కుమని, నాలుగు బల్బులూ ఒక్కసారిగా మినుక్కుమనాలి. ఒక్కటి వెనకబడినా ఒప్పుకునేది కాదు.

"సూడు, ఎనక ఎడమ తలుపు నిద్రపోతుంది" అనేది. "అందరు లేసినంక లేస్తదట, దొరసాని."

పని అయ్యాక మూత బిగించి, నాలుగు స్క్రూల మీదా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టేది. సగం స్క్రూ మీద, సగం డబ్బా మీద పడేట్టు. ఫ్యాక్టరీలో నేర్చుకున్న పద్ధతి. తర్వాత ఎవరు స్క్రూ తిప్పినా ఆ చుక్క పగిలిపోతుంది. ఆమె గోళ్లకు మాత్రం ఎప్పుడూ రంగు ఉండేది కాదు.

"గోర్లకు పెట్టుకోవా అక్కా?" అని అడిగాను ఒకసారి.

"గోర్లకు పెడితే అందం. రెండు దినాలల్ల ఊడ్తది. స్క్రూకు పెడితే సాక్ష్యం."

డబ్బా తీసుకోవడానికి ఎలక్ట్రీషియన్ వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది. "నా పేరు చెప్పినవా అన్నా, కారాయనకు?"

"చెప్పిన చెల్లె, ఎందుకు చెప్ప" అనేవాడు.

చెప్పలేదు. ఒక్కరికీ చెప్పలేదు. వాళ్లందరికీ "మా షాపులనే జేస్తం సార్" అన్నాడు. మా నాన్న ఆఫీసులో ఒకాయన కారు బాగైంది ఈమె చేతుల్లోనే. ఆయన నాన్నతో ఉప్పల్ షాపులో ఎంత మంచి పనివాడున్నాడో అని పొగిడాడు. నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. రేడియో పోయిన కోపం ఉన్నా, అన్యాయం అనిపించింది కాబోలు.

ఇక అసలు సంగతి. రామంతాపూర్‌లో ఒక కాంట్రాక్టర్ ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన పాత తెల్ల అంబాసిడర్‌కు సెంట్రల్ లాకింగ్ పెట్టించుకున్నాడు. వానాకాలంలో ఆ డబ్బా పాడైతే ఆమె దగ్గరకు వచ్చింది. ఒక టంకం పగిలింది, ఒక రిలే మార్చాలి. మార్చింది. పలక మీద నాలుగు బల్బులూ ఒక్కసారిగా వెలిగాయి. నేను గడప మీద చదువుతుండగానే మూత బిగించి, నాలుగు ఎర్ర చుక్కలు పెట్టి, ఆరేదాకా ఊది ఇచ్చింది. దసరాకు ముందు రోజు ఎలక్ట్రీషియన్ తీసుకెళ్లాడు. పండగ అయ్యాక కారుకు బిగించాడు.

కొన్నాళ్లకు ముసురు పట్టింది. కాంట్రాక్టర్ తన తల్లిని కారులో కూర్చోబెట్టి, తాళాలు కారులోనే వదిలి, అద్దాలు ఎక్కించి, ఉప్పల్‌లో కూరగాయలకు దిగాడు. వెనక్కి వచ్చేసరికి నాలుగు తలుపులకూ వాటంతటవే తాళాలు పడిపోయి ఉన్నాయి. పెద్దావిడ లోపల మీట పైకి లాగుతుంది, డబ్బా టక్కున మళ్లీ కిందికి గుంజేస్తుంది. ఆవిడ లాగుతుంది, అది గుంజుతుంది. కారు తనని పట్టుకుందనుకుని ఆవిడ అరవడం మొదలుపెట్టింది. చివరికి వెనక అద్దం పగలగొట్టి తీశారు. ఆ భయానికి ఆవిడకు జ్వరం వచ్చింది.

కాంట్రాక్టర్ ఎలక్ట్రీషియన్ మీదకు వెళ్లాడు. ఇదే చాయ్ కొట్టు ముందు, పదిమంది మధ్యలో. అప్పుడు ఇతను ఏమన్నాడంటే, "నేను జెయ్యలే సార్. చిల్కానగర్ల ఒక ఆడామె ఉంది, ఆమె జేసింది. ఆడోళ్ల చేతి పని, ఏం జేస్తం."

అన్నాళ్లూ అడిగి అడిగి చెప్పించుకోలేకపోయిన మాట, ఆ రోజు అలా బయటికొచ్చింది. బాగైన డబ్బాలన్నీ అతనివి. చెడిపోయిన ఒక్కటీ ఆమెది.

ఇద్దరూ కారేసుకుని మా ఇంటికి వచ్చారు. డబ్బాను బల్ల మీద పడేసి కాంట్రాక్టర్ అన్నాడు. "చేతకానప్పుడు చెయ్యకూడదమ్మా. మా అమ్మ ప్రాణం మీదకొచ్చింది."

ఆమె ప్లగ్గు పీకింది. డబ్బాను కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది. నాలుగు స్క్రూల మీదా నెయిల్ పాలిష్ అడ్డంగా పగిలి ఉంది.

"ఇది ఎవలు తెరిచిన్రు?"

స్క్రూలు విప్పి మూత తీసింది. లోపల రిలే నెత్తిన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. తడి కుంకుమ కిందికి కారి ప్లేటు మీద ఎండింది. టంకం చుక్కల మధ్యన ఎర్రగా పాకి ఉంది. ఆయుధపూజ రోజు షాపులో సామానంతటికీ బొట్లు పెడతారు. స్క్రూడ్రైవర్లకు, చార్జరుకు, బ్యాటరీలకు. బల్ల మీద ఉన్న ఈ డబ్బాకూ పెట్టారన్నమాట. అయితే బయట కాదు, మూత తీసి లోపల.

"నీ దగ్గర్నే పెట్టి ఉంటవ్ చెల్లె" అన్నాడతను. మొహంలో ఏ తడబాటూ లేదు. "శుక్రారం శుక్రారం మీరు ఆడోళ్లు అన్నిటికి పెడ్తరు గద."

"నేను గడపకే పెట్టను. రిలేకు పెడ్తనా?"

అప్పుడు నేను గడప మీదనుంచి అన్నాను, "అక్క మూసి రంగు పెట్టినప్పుడు నేను చూశానండీ. లోపల బొట్టు లేదు." నా గొంతు ఎంత వచ్చిందో నాకు తెలియదు. కాంట్రాక్టర్ విన్నాడు. "చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ. లోపలికెళ్లు" అన్నాడు.

ఆమె డబ్బాను బల్బుల పలకకు కలిపింది. బ్యాటరీ పెట్టింది. స్విచ్ ముట్టుకోలేదు. ప్లేటు మీదకు వంగి, అద్దం తుడిచేముందు ఊదినట్టు, హా అని వేడి ఊపిరి వదిలింది. ఒక్క క్షణం ఆగి రిలే టిక్కుమంది. నాలుగు బల్బులూ వెలిగి ఆరాయి. మళ్లీ టిక్కు. మళ్లీ వెలిగాయి. ఎవరి చెయ్యీ లేకుండా అవి అలా మినుక్కుమంటూనే ఉన్నాయి.

"తేమ తాకితే ఈ బొట్టుల కెల్లి కరెంటు అడ్డదారి పడ్తది. వాన పడ్డదాక మంచిగనే ఉంది, వాన పడంగనే పెద్దమ్మను పట్టుకుంది" అంది. "నేను టంకం పెట్టిన కాడ ఏమన్న అయిందా, సూపియ్యున్రి సార్."

కాంట్రాక్టర్ చూశాడు. అర్థమైంది కూడా. మొహంలో కనపడింది. కానీ అన్నదేమిటి? "ఎవరు పెట్టారో మీరూ మీరూ తేల్చుకోండి." అతని వైపు తిరిగి, "కొత్త డబ్బా బిగించవయ్యా" అన్నాడు. చేతకానప్పుడు చెయ్యకూడదమ్మా అన్న నోటితో ఆమెతో ఇంకొక్క మాట అనలేదు. వెళ్లి కారులో కూర్చున్నాడు.

ఎలక్ట్రీషియన్ డబ్బా అందుకోబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తుడిసి పెట్టు చెల్లె. స్పిరిట్ తోటి తుడిస్తే పోయే దానికి ఇంత పంచాయితా?"

"తుడవ. తుడిస్తే సాక్ష్యం పోతది. అన్నా, నేను నిన్ను ఏం అడుగుత లేను. చాయ్ కొట్టు కాడ నా గురించి ఏమన్నవో, అక్కడ్నే నిలబడి ఇంకొక్క మాట అను. తెరిచింది నేనే అను. గంతే."

"సరే తీయ్, అంట."

అనలేదు. ఆ తర్వాత ఆమెకు డబ్బాలు తేలేదు. చౌరస్తాలో మిగతా షాపులవాళ్లు కూడా తేవడం మానేశారు. వాళ్లకు బల్బుల పలక సంగతి తెలియదు, ఊపిరి సంగతి తెలియదు. చాయ్ కొట్టు దగ్గర విన్న మాట ఒక్కటే తెలుసు. ఆమె మళ్లీ స్టెబిలైజర్లకు వచ్చింది.

డబ్బా మాత్రం బల్ల పైన అలమారలో ఉండిపోయింది, మూత తీసి, బొట్టు కనపడేలా. ఎవరైనా "గదేంది అక్కా" అంటే చాలు, ప్లగ్గు పీకి మొదట్నుంచీ చెప్పేది. పాలాయనకు చెప్పింది, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినాయనకు చెప్పింది. మా అమ్మ విసిగిపోయింది.

"ఇంక ఒదిలెయ్యరాదూ. ఎన్నాళ్లు పట్టుకుంటవు?"

"నేను ఒదిలేస్తే ఇంకెవలు పట్టుకుంటరమ్మా?"

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నేను గడప మీద ఉండి విన్నాను.

ఎలక్ట్రీషియన్ స్కూటర్ అప్పుడప్పుడు మా వీధిలోంచే వెళ్లేది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. తల ఎత్తకుండానే కిటికీలోంచి కేకేసేది. "అన్నా, అన్నవా?"

అతను ఆపకుండానే ఒక చెయ్యి ఎత్తేవాడు. "అంట, అంట."

ఏళ్ల తరబడి ఇదే. చూసేవాళ్లకు నవ్వులాట. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాననుకుంటాను. ఆమె నవ్వలేదు. ప్రతిసారీ నిజంగానే అడిగింది.

తర్వాత మేడిపల్లిలో తమ్ముడు ఇల్లు కట్టుకుంటే అక్కడికి వెళ్లింది. పోయిన నెల కామెర్లు వచ్చాయట. మాకు కబురు ఆలస్యంగా అందింది. నేను వెళ్లేసరికి తమ్ముడు ఆమె సామాను వాకిట్లో కుప్పపోసి, పాత సామాను కొనేవాడి కోసం చూస్తున్నాడు. బల్బుల పలక అప్పటికే విరిగిపోయింది. కుప్పలో ఈ డబ్బా కనపడింది. ఇవ్వమని అడిగాను.

"ఖరాబైంది అది. ఏం జేస్కుంటవు?" అన్నాడు. "తీస్కపో."

అది సంచిలో పెట్టుకుని ఉప్పల్‌లో దిగితే, ఆమె ఓపిక గల మనిషి అని వినపడింది. వినపడింది ఎవరి నోట, ఏ చోట.

నేను చాయ్ కొట్టు దగ్గరకు నడిచాను. అక్కడ అందరూ మగవాళ్లే. డబ్బా తీసి బిస్కట్ల సీసాల పక్కన పెట్టాను. చాలా అనాలనుకున్నాను. ఒక్క మాట మాత్రం వచ్చింది.

"ఇది ఎవరు తెరిచిన్రు అన్నా?"

అతను కళ్లద్దాలు సర్దుకుని డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. ఈ ఏళ్లలో జుట్టు నెరిసింది. మూత తీసి చూసి, మొహం విప్పారి నవ్వాడు.

"అరె, ఇది నా బొట్టే. సూడు బిడ్డా, జర అడ్డం ఉంది, నా బొటనవేలు గంతే." పక్కనున్నవాళ్లకు కూడా చూపించాడు. "దసరాకు పెట్టిన. మీదికెల్లి పెడితే మిషిన్‌కు తాకదు, లోపల పెట్టాలె అంటుండె మా బాపు."

"అంటే తెరిచింది మీరేనా?"

"నేనే. నా షాపుల ఇంకెవలు తెరుస్తరు?"

అయిపోయింది. ఏళ్లపాటు ఒక మనిషి కిటికీలోంచి కేకేసి అడిగిన మాట. సాసరు కింద పెట్టకుండానే అనేశాడు. ఎంత తేలిక. తన బొట్టు ఎండిపోయినా చెరగలేదని ముచ్చటపడుతున్నాడు తప్ప, అది ఏ డబ్బానో, తాను ఏం ఒప్పుకున్నాడో అతనికి తెలియదు. చాయ్ కొట్టాయనకు తెలియదు. అక్కడున్న ఎవరికీ తెలియదు.

"ఇంకోసారి చెప్పున్రి" అన్నాను. "గట్టిగా."

"ఏంది బిడ్డా?"

"తెరిచింది మీరేనని."

అతని నవ్వు కొంచెం తగ్గింది. నా మొహంలోకి చూశాడు, డబ్బా వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "నువ్వు చిల్కానగర్... ఆ గడప మీద సదువుకునే పిల్లవా?"

అవునన్నాను. అప్పుడు చెప్పాను. తెల్ల అంబాసిడర్ దగ్గర మొదలుపెట్టి, పెద్దావిడ అరుపులు, పగిలిన ఎర్ర చుక్కలు, ఊపిరికి వెలిగిన బల్బులు, ఇక్కడే నిలబడి అతను అన్న మాట, స్కూటర్ మీదనుంచి ఎత్తిన చెయ్యి. పుస్తకం పైకి చదివినట్టే వచ్చింది గొంతు. చాయ్ కొట్టాయన పాలు పోయడం ఆపి విన్నాడు. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు ఎలక్ట్రీషియన్ వైపు తిరిగారు.

అతను సాసరు కింద పెట్టాడు. ఆ తర్వాత, ఏం చెయ్యాలో తోచని మనిషి ఏదో ఒకటి చేసినట్టు, భుజం మీది తువ్వాలు తీసి, కొస తడిచేసుకుని, డబ్బాలోని బొట్టు తుడవబోయాడు.

నేను డబ్బా లాక్కున్నాను.

"తుడవొద్దు" అన్నాను.